గుండెల మీద ఇంటర్‌కూలర్

బోల్టు తెస్తానని వెళ్లిన మా తోడికోడలు ఇంకా రాలేదు. నేను కారు ముక్కు కింద పాత దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాను. మోకాళ్లు పైకి మడిచి, వాటి మీద ఒక కొస, గుండెల మీద ఒక కొస ఆనించి కొత్త ఇంటర్‌కూలర్‌ని మోస్తున్నాను. గుండెల మీద కుంపటి అని పెద్దవాళ్లు అంటూంటారు. నా గుండెల మీద ఉన్నది కుంపటి కాదు, కుంపటిని చల్లార్చే సామాను. అయినా బరువు బరువే కదా. దించి పక్కన పెడదామంటే కుదరదు, ఎడమవైపు రబ్బరు గొట్టాన్ని తొందరపడి ముందే బిగించేశాం. దాని రెండో కొస పాతబడి పెళుసెక్కిన ప్లాస్టిక్ గొట్టాన్ని పట్టుకుని ఉంది, నేను చేతులు వదిలానంటే ఈ బరువంతా వెళ్లి దాని మీద వేలాడుతుంది, అది పుటుక్కుమంటుంది, ఈ పాత కారుకి ఆ ముక్క ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు. కుడివైపు బిగించి లేద్దామంటే పెట్టెలో వచ్చిన బోల్టు పొట్టిదైంది. "కదలకు అక్కా, వీధి చివర హార్డ్‌వేర్ షాపులో పొడుగుది తెచ్చేస్తా" అని చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తింది. కదలకండి, ఊపిరి బిగబట్టండి అని రోజంతా జనానికి చెప్పే ఉద్యోగం నాది, ఎక్స్‌రే గదిలో. ఎన్ని వేలమందిని కదలనివ్వలేదో, వాళ్లందరి ఉసురూ కలిసి ఇవాళ ఇలా తగిలినట్టుంది.

షెడ్డులో పడుకుంటే లోకం సన్నటి చీలికలా కనిపిస్తుంది. కారు పొట్టకీ నేలకీ మధ్య జానెడు వెలుతురు, ఆ వెలుతురులో గేటు అడుగుభాగం, రోడ్డు అంచు, అప్పుడప్పుడు ఒక సైకిలు చక్రం. ఆదివారం మధ్యాహ్నం, ఎండ సిమెంటు నేల మీద పడి కొంచెం కొంచెంగా నా చెప్పుల వైపు జరుగుతోంది. ఇంట్లో మనుషులు లేరు. అత్తగారినీ మా ఆయననీ మరిదినీ టాక్సీ ఎక్కించి కొండ అవతల ఉన్న మా ఆడపడుచు ఇంటికి పంపించేశాం. పంపించేశాం అనడమే సరైన మాట, వాళ్లుంటే ఈ పని సాగేది కాదు. మా ఆయన అచ్చు తప్పులు దిద్దే ఉద్యోగి, పుస్తకమైనా మనిషైనా కారైనా ముందు తప్పు కనిపించాలి ఆయనకి. మరిది ప్రతి మరనీ చేతిలోకి తీసుకుని ఇది దేనికి వదినా అని అడుగుతాడు, చెప్పాక ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు. అత్తగారైతే కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. ఇప్పుడు ఎవరైనా ఒకరు ఉంటే బాగుండును అనిపిస్తోంది, అత్తగారైనా సరే, ఆ కుర్చీ కింద పెట్టుకునే పీట ఒకటి ఈ సామాను కింద దూరిస్తే చాలును. ముక్కు దురద పెడుతోంది. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు ముక్కు గురించి ఎవరూ ఆలోచించరు, ఆ రెండూ పనిలో ఇరుక్కున్నాకే అది తన ఉనికి చాటుకుంటుంది.

అసలు ఈ ముచ్చటంతా కొండ రోడ్డు మీద మొదలైంది. ఊరి మోటారు క్లబ్బువాళ్లు వేసవిలో ఒక రోజు ఆ రోడ్డు మూయించి, ఒక్కో కారునీ ఒంటరిగా పైకి వదులుతారు, తక్కువ సమయంలో ఎక్కినవాళ్లకి చప్పట్లు. రెండు అవకాశాలిస్తారు. మొదటిసారి మా కారు బాణంలా పోయింది, పక్క సీట్లో మా తోడికోడలు "కొట్టక్కా, కొట్టు!" అని అరుస్తోంది. ఈత నేర్పే మాస్టరమ్మ ఆవిడ, కొలను ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు దగ్గర మునిగేవాడికి వినిపించేలా మాట్లాడటం అలవాటు, చిన్న కారులో ఆ గొంతు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. రెండోసారి సగం కొండ ఎక్కేసరికి కారు ఆవులించింది. చచ్చిపోలేదు, ఆగలేదు, తుమ్మలేదు, ఎంత తొక్కినా నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు బద్ధకంగా ఎక్కింది. పైన దిగి బానెట్ మీద చెయ్యి వేస్తే పెనం. టర్బో ఇంజను సంగతి నాకు అప్పటికే కొంచెం తెలుసు. పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని కుక్కి కుక్కి ఇంజను లోపలికి తోస్తుంది, గాలి ఎంత ఎక్కువ పోతే అంత బలం. కాని కుక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది, పలచబడిన గాలితో బలం ఎక్కడిది? పైగా ఇంజనుకి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని కారులోని కంప్యూటరే దూకుడు తగ్గించేస్తుంది. అందుకే దారి మధ్యలో ఒక జల్లెడలాంటి పెట్టె పెట్టి, ఎదురుగాలితో ఆ వేడిని లాగేస్తారు. అదే ఇంటర్‌కూలర్. మా కారుకి కంపెనీవాడిచ్చింది చెప్పుల పెట్టె అంత, ముందు చక్రం పక్కన మూలకి నక్కి ఉండేది. సంతకి వెళ్లి రావడానికి అది చాలు. రెండోసారి కొండెక్కడానికి చాలదు.

కొత్తది కొందామని అనుకున్నంత సులువుగా అయిపోలేదు. ఆవిడకి పెద్దది కావాలి, కారు ముఖమంతా అదే ఉండాలి, ఎదురొచ్చేవాడు చూసి దారి ఇవ్వాలి. నాకు చిన్నది కావాలి, ఎందుకంటే పెట్టె పెద్దదైన కొద్దీ దాన్ని గాలితో నింపడానికే టర్బోకి సమయం పడుతుంది, కాలు నొక్కాక బలం వచ్చేసరికి మలుపు దాటిపోతుంది. ఆవిడకి లావు కడ్డీలూ పలకలూ పేర్చి అతికించిన రకం ఇష్టం, గట్టిది, బరువైనది, ఆలస్యంగా వేడెక్కుతుంది. నాకు సన్నటి గొట్టాలకి రెక్కలు అతికించిన రకం ఇష్టం, తేలికైనది, తొందరగా చల్లారుతుంది. స్పేర్ పార్టుల షాపాయన రెండూ గల్లా బల్ల మీద పెట్టి, మేమిద్దరం ఆయనని వదిలేసి మాలో మేము వాదించుకుంటుంటే మధ్యలో ఇంకో నలుగురికి సామాన్లు అమ్ముకున్నాడు. చివరికి "అమ్మా, మీరు గాలి చల్లబరచడానికి వచ్చారా, ఒకళ్లనొకళ్లు వేడెక్కించుకోవడానికి వచ్చారా?" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయనకి తయారీదారు కరపత్రం చూపిస్తే, ఆయన ఎర్ర పెన్ను తీశారు. "వీడికి 'సామర్థ్యం' అని రాయడం రాదు. థకి ఒత్తు లేదు. ఒత్తే పెట్టలేనివాడు గాలిని ఏం ఒత్తుతాడు?" అన్నారు. అలా ఒక కంపెనీ మా జాబితాలోంచి ఒత్తు లేక ఎగిరిపోయింది.

అసలు గొడవ దూలం దగ్గర వచ్చింది. బంపర్ ఊడదీస్తే వెనక అడ్డంగా ఒక ఇనుప దూలం ఉంటుంది, ఎవడైనా వచ్చి గుద్దితే ఆ దెబ్బ మన దాకా రాకుండా అది తింటుంది. ఆవిడ కోరుకున్న పెద్ద పెట్టె పట్టాలంటే ఆ దూలం కింది అంచు కొయ్యాలి. చాలామంది కోస్తారట, ఏమీ కాదట. ఒక ఆదివారం పొద్దున్నే కోత మిషను అద్దెకి తెచ్చి కళ్లద్దాలు పెట్టుకుని నిలబడింది. నేను వెళ్లి ప్లగ్గు పీకేశాను. రోజూ విరిగిన పక్కటెముకలు వెలుగుపలక మీద పెట్టి చూసేదాన్ని నేను, స్టీరింగు గుండెకి ఎలా తగులుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ దూలం మీద గీత పడినా నేను ఈ కారు ఎక్కను, నిన్ను ఎక్కనివ్వను అన్నాను. నా గొంతు పెద్దదైపోయింది. ఆవిడ మిషను వైరు చుట్టి పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరవాత కొన్నాళ్లు మా ఇద్దరి మధ్య మాటలన్నీ మగవాళ్ల మీదుగా నడిచాయి. "మీ వదినకి చెప్పండి, స్నానాల గది ఖాళీ అయిందని." "మీ మరదలికి చెప్పండి, విన్నానని." పాపం అన్నదమ్ములిద్దరూ తపాలా బంట్రోతుల్లా మెట్లెక్కి దిగారు. ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి షెడ్డులో, కారు దూలం కింద, ఒక అట్టముక్క వేలాడుతోంది. ఇంటర్‌కూలర్ ఆకారంలో కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి, గొట్టాలు వచ్చేచోట రెండు కన్నాలు పెట్టి, తాడుతో కట్టింది. దూలానికి తగలకుండా ఎంత ఎత్తు పడుతుందో, రేడియేటరుకి పోయే గాలి ఎంత మిగులుతుందో, అంతా ఆ అట్టలో ఉంది. ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంత పడుతుందక్కా. కొయ్యక్కర్లేదు. కాకపోతే నాకు నచ్చిన లావు రకమే కావాలి" అంది. ఎత్తు నా మాట, లావు ఆవిడ మాట. ఆ అట్ట కొలత పట్టుకుని వెళితే షాపాయన అలాంటిదే వెతికి తెప్పించాడు. మీ ఇద్దరూ ఒక్క మాట మీదకి రావడం చూడటానికైనా తెప్పిస్తానన్నాడు. అదే ఇప్పుడు నా మీద కూర్చున్న ఈ సుందరి. దీని రెక్కలు ఎంత సన్నగా ఉన్నాయంటే, గోరు తగిలితే వంగిపోతాయి. అందుకే చొక్కా గుండీలు తగలకుండా మధ్యలో తువ్వాలు పెట్టుకున్నాను.

పొద్దుటి నుంచీ ఎంత హాయిగా గడిచింది! చక్రాల పక్కన మరలు విప్పి, క్లిప్పులు ఒక్కొక్కటీ టక్కుటక్కుమని ఊడదీసి, బంపర్‌ని ఇద్దరం చెరో కొసా పట్టుకుని నిద్రపోతున్న పసివాణ్ణి మంచం మార్చినట్టు మెల్లగా మోసి దుప్పటి మీద పడుకోబెట్టాం. పళ్లూడిన ముసలమ్మలా నోరు తెరుచుకుని నిలబడింది కారు. పాత ఇంటర్‌కూలర్ తీసి వంచితే దానిలోంచి నల్లటి నూనె చారెడు కారింది, ఆవిడ దాన్ని చూసి "ఇన్నాళ్లూ ఈ జిడ్డు ముక్కుతో ఊపిరి పీల్చిందా పాపం" అని నిజంగా జాలిపడింది. ఆవిడ ఎవరికైనా జాలిపడితే ముందు వాళ్ల ఊపిరి గురించే. మాటల మధ్య ఎన్నిసార్లు నవ్వామో. కాని ఒక్కటి, ఇప్పుడు ఖాళీగా పడుకున్నాక తడుతోంది. ఇవాళ ఆవిడ రెండు మూడుసార్లు ఏదో అనబోయి ఆగిపోయింది. "అక్కా..." అంటుంది, నేను "ఊఁ" అంటే, "ఏం లేదు, పది నంబరు స్పానర్ ఇవ్వు" అంటుంది. స్పానర్ ఆవిడ చేతిలోనే ఉంది.

అదిగో, గేటు దగ్గర పాదాలు. నీలం గోళ్లరంగు, కొలనులో నాని నాని ముడతలు పడ్డ వేళ్లు, ఎర్ర రబ్బరు చెప్పులు. హమ్మయ్య. వచ్చేసింది. "ఇటు ఇటు, తొందరగా!" అని అరిచాను. పాదాలు ఆగాయి. ఒక చెప్పు ఇంకో చెప్పుని తొక్కింది. తరవాత, నేను చూస్తుండగానే, రెండూ వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి.

ఇదేమిటి? బోల్టు మరిచిపోయిందా? మరిచిపోతే గేటు దాకా ఎందుకొచ్చింది? కాసేపటికి మళ్లీ వచ్చాయి పాదాలు, గేటు గొళ్లెం చప్పుడు కూడా అయింది, మళ్లీ వెళ్లిపోయాయి. నా మోకాళ్లు సన్నగా వణుకుతున్నాయి. పిలుద్దామనుకుని ఈసారి ఆగిపోయాను, ఎందుకంటే ఆ వెనుదిరిగిన మడమలని నేను గుర్తుపట్టాను. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కూడా అలాగే చేసింది. అత్తగారి గాజు కూజా పగలగొట్టి, చెప్పడానికి వంటగది గుమ్మం దాకా వచ్చి, తిరిగి వెళ్లి, మళ్లీ వచ్చి. కొలనులో అంత అరిచే మనిషి, ఇంట్లో మాట చెప్పాల్సివస్తే నీళ్లు నములుతుంది.

ఇంతలో ఇంకో జత పాదాలు వచ్చాయి, వాటి పక్కన నాలుగు కుక్క పాదాలు. ఎదురింటి సర్వేయరు గారు. రిటైరయ్యారు గాని కన్ను రిటైరవలేదు, గోడ మీద కేలండరు వంకరగా ఉన్నా కూర్చోలేరు. గేటు తీసుకుని వచ్చి, నడుము మీద చేతులు వేసుకుని, వీలైనంత వంగారు, ఆయన గడ్డం దాకా కనిపించింది.

"అమ్మాయ్, అది ఎడమకి ఒరిగింది."

"సర్వేయరు గారూ, కొంచెం పట్టుకుంటారా?"

"పట్టుకుందును గాని, హెర్నియా ఆపరేషన్ అయింది కదమ్మా, డాక్టరు బరువులొద్దన్నాడు. నువ్వే ఓ వేలి మందం పైకెత్తు. ఆఁ, అంతే. ఇప్పుడు తూచినట్టుంది." కుక్క వచ్చి నా చెప్పు వాసన చూసింది. "అది సరే, మీ ఇంటి చిన్నకోడలు ఏంటి, మలుపులో చెట్టుకి ఏదో చెప్తోంది?"

"చెట్టుకా?"

"చెట్టుకే. చేతులు తిప్పుకుంటూ. 'అక్కా, కోపం తెచ్చుకోకు' అంటోంది. నేను పలకరించినా చూడలేదు." ఆయన కుక్కని లాక్కుని వెళ్లిపోయారు. నేను తూచినట్టు సమానంగా పట్టుకుని అలాగే ఉండిపోయాను.

అక్కా, కోపం తెచ్చుకోకు. దేనికి? కారుకి ఏమైనా చేసిందా? లేదే, ఊడదీసిన ప్రతి ముక్కా నా కళ్ల ముందే ఉంది. మా ఆయన ఏమైనా అన్నారా? మేము గుసగుసలాడుకున్నది విన్నదా? అమ్మో, విన్నదేమో. గుండె ఒక్కసారి ఇంటర్‌కూలర్‌ని తోసింది. మేము స్నానాల గదిలో కుళాయి తిప్పి మాట్లాడుకుంటాం, ఆ హోరులో ఎవరికీ వినపడదని ధైర్యం. కాని గోడ అవతల వాళ్ల గది. ఏం మాట్లాడుకుంటామంటే, ఇద్దరిలో ఎవరో ఒకరం వేరుపడితే బాగుండునని. ఆవిడ మీద కోపంతో కాదు, ఒట్టు. తెల్లారకుండానే ఆవిడ ఈల బాగా మోగుతోందో లేదో ఊది చూసుకుంటుంది. మరిది గడ్డం గీసుకుంటూ పాడతాడు, పాటలో మాటలు గుర్తురానిచోట ఇంకా గట్టిగా పాడతాడు. సాయంత్రం ఒక గంట నిశ్శబ్దంగా ఉండే గది ఒకటి కావాలని మా ఆయనకీ నాకూ మనసు పీకుతోంది. కాని అడగడం ఎలా? పెద్దకోడలు నోట ఆ మాట వస్తే, పొమ్మనలేక పొగబెట్టింది అనరూ? ఆ అట్టముక్క కత్తిరించిన చేతులకి ఆ మాట ఎలా చెప్పను? కుళాయి కట్టేసి, ఏమీ మాట్లాడుకోనట్టు తుడుచుకుని బయటికి వచ్చేవాళ్లం. విన్నదన్నమాట. అందుకే చెట్టుతో మొరపెట్టుకుంటోంది పిల్ల. ఇప్పుడొచ్చి ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే నేను చూడలేను, చూడనక్కర్లేదు కూడా, ఇక్కణ్ణుంచి పాదాలే కనిపిస్తాయి.

ఎర్ర చెప్పులు వచ్చాయి. ఈసారి ఆగలేదు, నేరుగా షెడ్డులోకి వచ్చి, నా తల పక్కన నిలిచాయి. కూర్చుంది, మోకాళ్లు కనిపించాయి, గుప్పిట్లో బోల్టు మెరిసింది. నేను చెయ్యి చాచబోయాను. ఆవిడ గుప్పిట మూసేసింది.

"అక్కా, ఒక మాట చెప్పాలి." గొంతు ఎంత చిన్నగా ఉందంటే, ఈ మనిషి గొంతేనా అనిపించింది. "నువ్వు ఇప్పుడు లేచి వెళ్లిపోలేవు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా."

"చెప్పు. మోకాళ్లు పడిపోతున్నాయి."

"మేము ఇల్లు చూసుకున్నాం. కొలను పక్క వీధిలో. నీ మీద కోపం కాదక్కా, నీ తోడు. నా వంటగదిలో నేను ఏదైనా మాడబెట్టుకుంటే 'మాడింది' అని ఎవరూ చెప్పకూడదు, అంతే. నాకే తెలియాలి. ఆయన పాడుకుంటుంటే మీ ఆయన గోడ కొట్టకూడదు. నెల నుంచి చెబుదామనుకుంటున్నా. ఈ పని అయిపోతే ఇంకెప్పటికీ చెప్పలేను. దూలం కొయ్యొద్దని నువ్వు అరిచావే, ఆ రోజు నుంచి మరీ చెప్పలేకపోతున్నా. నా పక్కటెముకల కోసం అంతలా అరిచినవాళ్లు ఇంకెవరూ లేరు."

మొదట నాకు ఏమీ అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. తరవాత నవ్వొచ్చింది. పొట్టలోంచి మొదలై పైకి తన్నుకొచ్చింది, నేను ఆపుకుంటున్న కొద్దీ నా మీది ఇంటర్‌కూలర్ గలగలా ఊగింది. ఆవిడ భయపడిపోయి రెండు చేతులూ లోపలికి దూర్చి దాన్ని పట్టుకుంది. "అక్కా! ఏడుస్తున్నావా?" అని వంగి, మొదటిసారి తన ముఖం ఈ చీలికలోకి తెచ్చింది, తలకిందులుగా, ఎర్రబడిన ముక్కుతో. "లేదే పిచ్చిదానా" అన్నాను, "మేము స్నానాల గదిలో కుళాయి ఎందుకు తిప్పుకుంటామనుకున్నావు?" చెప్పాను. అంతా చెప్పాను, ఈల సంగతితో సహా. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "దొంగల్లారా!" అంది, ఇప్పుడు మాత్రం కొలను గొంతుతో, షెడ్డు రేకులు మోగేలా. "మేము రోజూ ఆ కుళాయి విని, పాపం అక్కకి ఏదో రోగం, ఇన్నిసార్లు స్నానం చేస్తోందని బాధపడ్డాం!"

ఇద్దరం నవ్వుతూనే బోల్టు ఎక్కించాం. అది సరిగ్గా కూర్చుంది, నేను చేతులు తీశాను, ఏదీ కదల్లేదు. గుండె మీద బరువు లేచిపోయాక ఒక్క క్షణం ఊపిరి ఎక్కువైనట్టు తల తేలికైంది. అప్పుడే, నవ్వు తగ్గాక, ఒక చిన్న బెంగ వచ్చి పక్కన కూర్చుంది. సరే, వెళ్తుంది. ఇల్లు సద్దుమణుగుతుంది. మరి ఆదివారం ఈ షెడ్డులో నేనెవరితో పోట్లాడను? అడగలేదు. ఆవిడే గొట్టం పట్టీ బిగిస్తూ, అటు తిరిగి అంది. "స్పానర్లు ఇక్కడే ఉంటాయి. నా కొత్తింట్లో వాటికి చోటు లేదు. కాబట్టి ఆదివారం నేను ఎక్కడుండాలో నువ్వే చెప్పు." నేను పది నంబరు స్పానర్ అందించాను.

సబ్బునీళ్లు గొట్టాల కీళ్ల మీద పూసి, పాత పంపుతో గాలి ఎక్కించాం. కుడివైపు కీలు దగ్గర బుడగలు లేచాయి, ఇంకో చుట్టు బిగించాక ఆగాయి. బంపర్‌ని మళ్లీ పసివాణ్ణి ఎత్తినట్టు ఎత్తి తొడిగాం, కింది జాలీలోంచి కొత్త ఇంటర్‌కూలర్ వెండి పళ్లవరసలా నవ్వింది. చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పామో లేదో ఫోను మోగింది, అత్తగారు. టాక్సీ కొండ అవతలి వాలులో పొగలు కక్కి ఆగిపోయిందట, ముగ్గురూ రోడ్డు పక్కన నిలబడ్డారట. "మీ బండికి చక్రాలు ఉన్నాయా, అవి కూడా విప్పేశారా?" అని అడిగారు. ఉన్నాయత్తయ్యా, వస్తున్నాం.

ఖాళీ కారులో ఇద్దరమే కొండ ఎక్కుతుంటే, అప్పుడు తెలిసింది. మొదటి మలుపు, రెండో మలుపు, కారు ఆ రోజు ఆవులించిన ఆ పొడవాటి ఎత్తు, ఎక్కడా తగ్గలేదు. కాలు నొక్కగానే ముందు చిన్న విరామం, అది ఆవిడ కోరుకున్న లావుకి చెల్లించే పన్ను, ఆ వెంటనే మెడ సీటుకి అతుక్కునేంత తోపు. అద్దం కింద ఆవిడ అతికించిన చిన్న కొలతపెట్టె గాలి వేడి చూపిస్తోంది, ముల్లు ఎరుపు వైపు ఒక్కసారి తొంగిచూసి సిగ్గుపడి వెనక్కి వచ్చేసింది. "కొట్టక్కా!" అని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కొండ మీద ఉన్న పక్షులన్నిటినీ లేపింది.

అవతలి వాలులో టాక్సీ బానెట్ తెరుచుకుని ఆవిరి వదులుతోంది. డ్రైవరు, తన మనిషి బండి తీసుకుని వస్తున్నాడు, మీరు వెళ్లండమ్మా అన్నాడు. అత్తగారు ముందు సీటు తనదే అన్నట్టు వచ్చి కూర్చున్నారు, మా తోడికోడలు వెనక అన్నదమ్ములిద్దరి మధ్యా ఇరుక్కుంది. ఇప్పుడు ఐదుగురం, ఎదురుగా నిట్టనిలువు ఎత్తు. బయల్దేరిన కాసేపటికే అత్తగారు పమిటతో విసురుకుంటూ, "చల్లబరిచే పెట్టె బిగించామని అంత గొప్పలు పోయారు, ఇంత ఉక్కగా ఉందేమిటే?" అన్నారు.

"అది ఇంజనుకి చల్లబరిచేది అత్తయ్యా, మనకి కాదు."

"బాగుంది వరస. మనుషులు ఉడికిపోవాలి, ఇంజను చల్లగా ఉండాలి. ఏసీ వెయ్యి."

"ఎత్తు మీద వేస్తే బండి లాగదేమో."

"లాగకపోతే వెనకున్న ముగ్గురూ దిగి తోస్తారు. వెయ్యి ముందు."

వేశాను. చల్లగాలి వచ్చింది. కారు ఒక్క రవ్వ బరువెక్కింది, నేను కాలు ఇంకొంచెం నొక్కాను, మళ్లీ అందుకుంది. అద్దంలో మా తోడికోడలు నన్నే చూస్తోంది. నేను తలూపాను. ఆవిడ గొంతు సవరించుకుంది, మళ్లీ ఆ చిన్న గొంతుతో మొదలుపెట్టింది. "అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి..."

అత్తగారు సీటు బెల్టుని లాక్కుంటూ గిరుక్కున వెనక్కి తిరిగారు. "నీళ్లోసుకున్నావా?"

"రోజూ నీళ్లలోనే ఉంటాను కదత్తయ్యా. అది కాదు. మేము వేరే ఇల్లు చూసుకున్నాం."

మా ఆయన నా వైపు చూశారు, నేను రోడ్డు వైపు చూశాను. మరిది జన్మలో మొదటిసారి కూనిరాగం తియ్యడం ఆపేశాడు. కొండ మీద అన్నిటికంటే నిటారైన భాగం అది. అత్తగారు ముందుకి తిరిగి, చేతిసంచీ ఒళ్లో సర్దుకుని, బయట లోయ వైపు చూస్తూ కూర్చున్నారు. ఏడుస్తారా, తిడతారా? మా ఇంట్లో ఈ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

"ఎంత దూరం?" అన్నారు చివరికి.

"కొలను పక్క వీధేనత్తయ్యా."

"నడిచి రావచ్చా?"

"రావచ్చు. మధ్యలో బెంచీలు కూడా ఉన్నాయి."

"హమ్మయ్య" అన్నారు ఆవిడ, వీపు సీటుకి ఆనించి. "ఇన్నేళ్లూ మీ మీద అలిగితే మేడ మీదకి తప్ప పోవడానికి చోటు లేదు. ఆ మెట్లెక్కలేక ఎన్ని అలకలు మింగేశానో మీకేం తెలుసు! ఇహ నుంచి దీని మీద అలిగితే దాని ఇంటికి, దాని మీద అలిగితే దీని ఇంటికి. నా గది ఏది? తూర్పు కిటికీ ఉందా?"

వెనక సీటు ఒక్కసారి నవ్వుతో కదిలింది. మరిది పాట అందుకున్నాడు, మాటలు గుర్తురాని చోట గట్టిగా పాడాడు, మా ఆయన గోడ లేక తన మోకాలే తాళానికి కొట్టుకున్నారు. మా తోడికోడలు తూర్పు కిటికీ గురించీ, దాని బయట ఉన్న కొలను గురించీ, పొద్దున్నే నీళ్ల మీద పడే వెలుతురు గురించీ పూర్తి గొంతుతో చెబుతోంది. అత్తగారు మధ్యలో ఆపి అడ్డుప్రశ్నలు వేస్తున్నారు. ఎదర పెద్ద మలుపు వచ్చింది, దాని తరవాత ఇంకా కొండ ఉంది. నా చెయ్యి అలవాటుగా గేరు మీదకి వెళ్లింది, కింది గేరు వెయ్యడానికి. వెయ్యలేదు. అవసరం రాలేదు.